పెద్ద యంత్రము, చిన్న గది

అమెరికా దేశపు గృహములలో గోడనుండి గోడవరకు నేలంతయు తివాచీ పరచి, దాని అంచులను నేలకు బిగించివేయు వాడుక చాలకాలముగా ఉన్నది. ఏలూరి తివాచీనైనను, ఓరుగల్లు జంపఖానానైనను ఎత్తి వెలుపలికి తెచ్చి, కఱ్ఱతో దులిపి ఎండలో వేయవచ్చును. బిగించిన తివాచీకి ఆ భాగ్యము లేదు. అది ఉతుకువానియొద్దకు పోజాలదు గనుక ఉతుకువాడే దానియొద్దకు రావలెను. ఇట్లు పుట్టిన వృత్తి ఆ దేశములో అనేక చిన్న కుటుంబములకు జీవనాధారమై యున్నది.

ఆ పనివాని వ్యాను వెనుకతట్టున ఒక ఇంజను అమర్చబడి యుండును. అది ఒకవైపు నీటిపంపును, మరియొకవైపు గాలిని పీల్చు బ్లోయరును త్రిప్పును. అనేక యంత్రములలో ఇంజను వేడిమియే నీటిని కాచును. సన్నని గొట్టము గుండ కాగిన నీరు ఇంటిలోనికి పోయి తివాచీపై పడును. లావుపాటి గొట్టము గుండ మురికినీరు వెంటనే వ్యానులోని తొట్టికి లాగబడును. తెలుగు పల్లెలలో బోరుబావి వేయు లారీని చూచినవారికి ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. ఇక్కడను బండియే కార్ఖానా. ఇంటి విద్యుత్తుతో నడచు చిన్న యంత్రములును కలవు. అయితే ఆ దేశపు ఇంటి ప్లగ్గు 120 వోల్టులది, సాధారణముగా 15 ఆంపియర్లది. అనగా 1800 వాట్లు. రెండున్నర గుఱ్ఱముల శక్తికి లోపే. వ్యానులోని ఇంజనైతే ఇరువది, ముప్పది గుఱ్ఱముల శక్తినిచ్చును. అంతకు మించినవియు కలవు.

ఇట్టి వ్యానుతో జీవించు ఒక విశ్వాసిని తలంచుడి. అతడు తెలుగువాడే కానక్కరలేదు. అతనితో ఒక సహాయకుడు పని చేయుచున్నాడు. యంత్రము పాతదైనను నడచుచునే యున్నది. ఇంతలో అంతకు రెట్టింపు శక్తిగల యంత్రము అమ్మకమునకు వచ్చినది. నెలనెల కిస్తులు కట్టవచ్చునని అమ్మువారు చెప్పుచున్నారు. అతడు కొనవలెనా, మానవలెనా?

ఇది లెక్కల పుస్తకము తేల్చవలసిన సంగతియేగాని ప్రార్థన గదికి తేదగినది కాదని చెప్పువారు కలరు. ఆ మాట పైకి వినయముగా వినబడినను, లోపల ఒక విభజనను దాచుకొని యున్నది. ఆదివారపు పాటయు కానుకయు ప్రభువువి, సోమవారపు పనిముట్టు మాత్రము మనుష్యునిది అను విభజనయే అది. లేఖనమో పనిముట్లనుగూర్చి మాటలాడుటకు సిగ్గుపడదు. గొడ్డలి, నాగలి, తిరుగటి, త్రాసు, చాకలివాని సబ్బు, డేరాలు కుట్టువాని చేతిపని, ఇవన్నియు అందులో నున్నవి. గుంటూరులో కాలితో త్రొక్కు కుట్టుమిషనుకు మోటారు పెట్టింపగోరు దర్జీకిని, ఆటో నమ్మి చిన్న లారీ కొనగోరు డ్రైవరుకును ఎదురగునది ఈ ప్రశ్నయే. (క్రొత్త లౌడుస్పీకర్లు కొనదలచిన సంఘపు కమిటీలకు ఇది ఇంకను బలముగా ఎదురు కావలెను, కాని అది వేరొక వ్యాసము.)

మొదట యంత్రబలముపట్ల న్యాయముగా మాటలాడవలెను. శక్తిమంతమైన యంత్రమును కోరుట దానంతట అది దురాశ కాదు. బలహీనమైన యంత్రము నీటిని పోయగలదు గాని పూర్తిగా వెనుకకు లాగలేదు. తివాచీ చాలసేపు తడిగా నుండును. క్రింది మెత్తలో తేమ నిలిచినచో దుర్వాసనయు బూజును పుట్టును. ఆ గదిలో నేలమీద ప్రాకు పసిబిడ్డ యుండవచ్చును, ఉబ్బసముగల వృద్ధురాలు ఉండవచ్చును. కొన్ని గంటలలో ఆరునట్లు నీటిని లాగగలుగుట పొరుగువానికి చేయు మేలే. పనివాని నడుమునకును దానివలన మేలు కలుగవచ్చును. శరీరము పరిశుద్ధాత్మకు ఆలయమని బోధించు సంఘము, ఏబది యేండ్లకే వంగిపోవు వెన్నెముకనుగూర్చి ఉదాసీనముగా ఉండజాలదు.

ఈ యంత్రపు పూర్వచరిత్రలోను మేలు కోరిన మనుష్యులే కనబడుదురు. 1901లో ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు, ధూళిని ఊదివేయు యంత్రమొకటి దానిని ఒకచోటినుండి లేపి వేరొకచోట పడవేయుట చూచి, ఊదుటకు మారుగా పీల్చుట మేలుగదా యని తలంచెను. అతని తొలి యంత్రము ఇంటిలో పట్టునది కాదు. గుఱ్ఱపు బండిమీద పెట్రోలు ఇంజనును వీధిలో నిలిపి, పొడవైన గొట్టములను కిటికీల గుండ లోపలికి పంపెడివారు. దాని చప్పుడునకు వీధిలోని గుఱ్ఱములు బెదరుచున్నవని ఫిర్యాదులు కూడ వచ్చెను. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోని తివాచీలను ఈ విధముననే శుభ్రపరచిరి. బండిమీది ఇంజను తొలిదినములలోనే దేవాలయపు వాకిట నిలిచినదన్నమాట.

యంత్రబలము కనికరమునుండి పుట్టిన సందర్భము తెలుగు క్రైస్తవునికి ఇంకను దగ్గరిది ఒకటి కలదు. శ్రీరామపురములో కేరీ, మార్ష్‌మన్, వార్డులు స్థాపించిన ముద్రణాలయము 1812లో అగ్నికి ఆహుతియై, తిరిగి లేచి, 1818లో తెలుగు క్రొత్త నిబంధనను వెలువరించినది. గ్రంథములకు పురుగు పట్టని కాగితము కావలసి, మిషనరీలు స్వయముగా కాగితపు కార్ఖానా పెట్టిరి. దానిని నడిపినది కాలితో త్రొక్కు పెద్ద చక్రము. వంతులవారీగా నలువదిమంది కూలీలు దానిని త్రొక్కెడివారు. ఆ పనివారిలో ఒకడు ఆ యంత్రములో చిక్కి ప్రాణము కోల్పోయెను. దాని ఫలితముగానే బోల్టన్ నుండి పండ్రెండు గుఱ్ఱముల శక్తిగల ఆవిరి ఇంజను తెప్పింపబడి, 1820లో పని ప్రారంభించినది. ఈ సంఘటనలో గమనింపవలసినది వరుస. మొదట ఒక మనుష్యుని మరణము, పిమ్మట యంత్రము. యంత్రము వచ్చిన తరువాత దానికి పని వెదకలేదు. 1924లో గాంధీగారు యంత్రములనుగూర్చిన ప్రశ్నకు ఉత్తరమిచ్చుచు సింగరు కుట్టుమిషనును మినహాయించినప్పుడు చెప్పిన కారణమును ఇట్టిదే. దాని వెనుక భార్య శ్రమను చూడలేని భర్త ప్రేమ యున్నదని ఆయన తలంచెను. తాను ఆక్షేపించునది యంత్రములపై వ్యామోహమునేగాని యంత్రములను కాదని ఆయన స్పష్టపరచెను.

కాబట్టి ఆ విశ్వాసి మొదట తన యంత్రమును గాక తన దినచర్యను పరీక్షింపవలెను. ఎవని బాధ ఈ కొనుగోలును కోరుచున్నది? తడి తివాచీనిగూర్చి నొచ్చుకొన్న ఇల్లాలిదా, సహాయకుని భుజమా, లేక ప్రక్కవీధిలో పోటీదారుని క్రొత్త వ్యానును చూచిన తన కన్నా? కన్ను కోరినదంతయు పాపమని చెప్పలేము. అయితే కన్ను తన కోరికకు భుజముచేత సాక్ష్యము చెప్పించుట చాల తరచుగా జరుగును.

ఇచ్చట ఆ వృత్తి యొక్క మెలకువ ఒకటి తెలిసికొనదగినది. 1959లో హెర్బర్ట్ సిన్నర్ అను జర్మను రసాయనవేత్త శుభ్రపరచు పనికంతటికి నాలుగు అంశములను చెప్పెను: మందు, రాపిడి, వేడిమి, సమయము. వీటిలో ఒకటి తగ్గినచో మిగిలినవి ఆ లోటును పూడ్చవలెను. (ఆయన ఇంటిపేరునకు ఆంగ్లములో పాపి యని అర్థము. కడుగుటనుగూర్చి పాపి పేరుగలవాడు సూత్రము చెప్పుట బోధకులకు రుచించు సంగతియే.) క్రొత్త యంత్రము పెంచునది ముఖ్యముగా వేడిమిని, పీల్చు బలమును. మందు తివాచీలో నానవలసిన కొన్ని నిమిషములను అది ఇయ్యలేదు. ఉన్ని తివాచీకైతే అతివేడిమి హాని కూడ చేయవచ్చును. అంతేకాదు, బ్లోయరు ఎంత పెద్దదైనను గాలి చివరకు ఆ గొట్టము గుండనే రావలెను. గొట్టము సన్ననిదై, నూరు అడుగుల పొడవుండి, అతుకులయొద్ద గాలి పోవుచున్నచో వ్యానులోని బలము తివాచీ చేరకముందే తరిగిపోవును. చేతిలోని పనిముట్టును తొందరగా లాగువాడు పెద్ద యంత్రముతోను నేలను తడిగా విడుచును. నెమ్మదిగా లాగి, నీరు వదలకుండ మరి రెండుమారులు పొడిగా లాగువాడు చిన్న యంత్రముతోనే ఆరబెట్టగలడు.

ప్రసంగి 10:10 ఇచ్చట జ్ఞాపకమునకు వచ్చును. ఆ వచనపు హెబ్రీ మూలము కొంత క్లిష్టమైనను దాని భావము స్పష్టము. ఇనుము మొద్దుబారి, దాని అంచును పదును పెట్టనిచో ఎక్కువ బలము ప్రయోగింపవలసి వచ్చును. జ్ఞానము వేరు మార్గమును చూపును. బలము చాలదని తోచినప్పుడెల్ల అది బలపు కొరతయే కానక్కరలేదు, పదును కొరత కావచ్చును. పగిలిన రబ్బరును మార్చి, వెడల్పు గొట్టము వేసి, పంపును బాగుచేయించి, తన చేతిని నెమ్మదిపరచుకొనుటకు అయ్యెడి వ్యయము క్రొత్త యంత్రపు వెలలో స్వల్పభాగము. దీనిని చేయకముందే కొనుటను గృహనిర్వాహకత్వమని పిలువరాదు. సోమరితనము కష్టపడి సంపాదించిన ధనముతో కూడ వేషము వేయగలదు.

ఇవన్నియు చేసిన పిమ్మటను యంత్రము చాలలేదనుకొందము. అప్పుడు వెల సంగతి వచ్చును. గోపురము కట్టగోరువాడు కూర్చుండి తగులుబడి లెక్కచూచుకొనవలెనని ప్రభువు చెప్పెను. ఈ లెక్క ఒక యంత్రముతో ముగియదు. పెద్ద యంత్రమునకు పెద్ద నీటితొట్టి కావలెను. నూరు గ్యాలన్ల తొట్టి నిండినచో నీటి బరువే సుమారు 378 కిలోలు. ఆ బరువునకు పాత వ్యాను స్ప్రింగులును బ్రేకులును చాలవు గనుక క్రొత్త వ్యాను, ఎక్కువ ఇంధనము, ఎక్కువ భీమా. ఒక కోరిక తన బంధువులందరిని పిలుచుకొని వచ్చి ఇంటిలో దిగును.

దీనిలో అధికభాగము అప్పు. యోర్దాను ఒడ్డున ప్రవక్తల శిష్యులు తమ నివాసము ఇరుకైనదని మ్రానులు నరుకుచుండగా ఒకని గొడ్డలి ఊడి నీటిలో పడెను. అతని మొదటి కేక ఇనుము పోయినదని కాదు, అది యెరవు తెచ్చినదని. విశాలమైన చోటు కొరకు చేసిన మంచి పనిలో, ఎరవు పనిముట్టు అతని గుండెలో భయమై కూర్చున్నది. ఎలీషా ఆ ఇనుమును తేలజేసెను. అది దానిని యజమానునికి తిరిగి అప్పగింపగలుగుటకే. కిస్తులనుగూర్చి అట్టి వాగ్దానమేదియు అక్కడ వ్రాయబడలేదు.

ద్వితీయోపదేశకాండము 24:6 మరింత సూటిగా మాటలాడును. తిరుగటినైనను, దాని పైరాతినైనను తాకట్టు పట్టుట దేవుడు నిషేధించెను. అట్లు చేయుట ఒకని ప్రాణమునే తాకట్టు పట్టుట. ఆ పైరాతికి హెబ్రీలో వాడిన మాట ‘రెకెబ్’. క్రిందిరాతిమీద స్వారి చేయునది గనుక దానికి ఆ పేరు. రథమునకును అదే మాట. బండిమీద స్వారి చేయు యంత్రమును తాకట్టు పెట్టబోవువాడు ఈ మాటయొద్ద ఒక నిమిషము ఆగుట మంచిది. ఆ ఆజ్ఞ అప్పిచ్చువానికి ఇయ్యబడినదని న్యాయముగానే చెప్పవచ్చును. అయినను, ఒకడు తన జీవనాధారమైన తిరుగటిని ఇతరుల చేతిలో పెట్టునట్లు నెట్టబడుట దేవునికి ఇష్టము కాకయుండగా, నెట్టువాడు లేకయే తానై పరుగెత్తి పోయి దానిని అప్పగించుటను తేలికగా తీసికొనలేము. క్రొత్త యంత్రము కిస్తు తప్పినచో పోవునది యంత్రము మాత్రమే కాదు. దానికొరకు అమ్మివేసిన పాత యంత్రముచేత గడిచిన బ్రదుకును దానితో పోవును.

అయితే అప్పు చేయు హానిలో లోతైనది దివాలా కాదు. కిస్తులు తప్పక చెల్లించువానియందును అది పని చేయును. మునుపు ఒక విధవరాలు ఒక్క గది శుభ్రపరచుమని పిలిచినచో అతడు వెళ్లెడివాడు. చిన్న యంత్రమునకు అది తగిన పని. గంటలో ముగియును, ఆమె ఇయ్యగలిగిన దానితో ఇంధనపు ఖర్చును కూలియు గిట్టును. పెద్ద యంత్రము వచ్చిన పిమ్మట, దానిని వీధిలో నిలిపి నడిపించుటకే ఆ సొమ్ము చాలదు. కనీసపు రుసుము పెంచవలసి వచ్చును. హోటళ్లు, కార్యాలయములు, విశాలమైన ఇండ్లు, ఇవి యంత్రమునకు తగిన మేత. అతడు విధవరాలిని ద్వేషింపలేదు. ఆమెను త్రోసివేయవలెనని ఎన్నడును నిర్ణయింపలేదు. సంతకము చేసిన దినముననే ఆ నిర్ణయము జరిగిపోయినది. ఆమె ఫోను చేసినప్పుడు, ఈ వారము వీలుపడదని ఒక మర్యాదపు మాట వినిపించును. కొనుగోలులో నైతికమైన విషయము వెలకంటె ఎక్కువగా ఇచ్చట నున్నది. పనిముట్టు పొరుగువానిని ఎన్నుకొనును. ‘నా పొరుగువాడెవడు’ అని ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువును అడిగినట్లు, ఇక కిస్తు అడుగును. తనకు అనుకూలమైన ఉత్తరమును తానే చెప్పుకొనును.

లూకా 12వ అధ్యాయములోని ధనవంతుని తప్పు పెద్ద కొట్లు కట్టుట మాత్రమే యని సాధారణముగా బోధింతురు. కొట్లు కట్టుట పాపమైనచో యోసేపు ఐగుప్తులో చేసినదేమి? యోసేపు కొట్లు ఆకలిగొన్నవారి కొరకు తెరువబడెను. ఈ ధనవంతుని మాటలు గ్రీకు మూలములో చదివినచో ‘నా’ యను సర్వనామము వెంటవెంట వచ్చి చెవిని గుచ్చును. పొలములో పనిచేసినవారు లేరు, కొట్లు కట్టబోవువారు లేరు, ఆ ధాన్యమును తినవలసినవారు లేరు. తనలో తానే ఆలోచించి, తన ప్రాణముతోనే మాటలాడుకొనును. కొట్లు పెరిగినవి, లోకము ఒక్క మనుష్యునికి కుదించుకొని పోయినది.

ఎదురువాదమును తక్కువగా చూడరాదు. పోటీదారులందరు పెద్ద యంత్రములతో వచ్చి, పని త్వరగా ముగించి, హోటళ్లను తీసికొన్న పిమ్మట, చిన్న యంత్రముగలవాడు కనికరముతో పస్తుండవలెనా? స్వకీయులను సంరక్షింపని వానినిగూర్చి పౌలు తిమోతికి వ్రాసినది కఠినమైన మాట. పిల్లల చదువునకు కట్టవలసిన ఫీజు కూడ ఒక పొరుగువాని కేకయే. కాబట్టి ‘చిన్నదియే పరిశుద్ధము’ అను సూత్రమును చేసికొని కూర్చుండుట సాధ్యము కాదు. బీదరికమును ఇతరులకు సిఫారసు చేయు భక్తి తెలుగు సంఘములలో కొంత యున్నది. సొంత కారులో వచ్చి చెప్పినప్పుడు అది మరింత మధురముగా వినబడును.

అయినను ఆ విశ్వాసి చేయగలిగిన లెక్క యొకటి కలదు, అది అమ్మువారి కాగితములలో ఉండదు. గడచిన పండ్రెండు నెలల పని పుస్తకము తెరచి, యంత్రపు బలము చాలనందున విడిచిన పనులెన్నియో వ్రాసికొనవలెను. రెండవ పుటలో, క్రొత్త యంత్రము తెచ్చినచో గిట్టవని విడువవలసిన పనులను వ్రాయవలెను. సంఖ్య చాలదు, పేర్లు వ్రాయవలెను. మొదటి పుట దాదాపు ఖాళీగా నున్నచో అతని అవసరము అతని ఊహలోనే ఉన్నదన్నమాట. గొట్టము మార్చుకొని ఊరకుండవలెను. మొదటి పుట నిండి, ఆ విడిచిన పనులు కుటుంబమునకు నిజముగా లోటు చేసినవై, వెలలో అధికభాగము చేతిలో నున్నచో కొనుట న్యాయము, ఇంకను ఆలస్యము చేయుట భక్తి కాదు. వెలయంతయు అప్పైనచో, మొదటి పుట ఎంత నిండినను, వేచి కూడబెట్టుట మేలు. రెండవ పుటలోని పేర్లకు ఏదో ఒక ఏర్పాటు దొరకువరకు సంతకము చేయకుండుట ఇంకను మేలు.

సహాయకుని సంగతియు మిగిలియున్నది. పెద్ద యంత్రము నాలుగు గంటల పనిని మూడు గంటలలో ముగించినచో, ఆ మిగిలిన గంట ఎవరిది? సాధారణముగా అది మరియొక ఇంటికి పోవును. సహాయకుడు ఎప్పటివలెనే చీకటిపడి ఇల్లు చేరును, కూలి మాత్రము మారదు. విశ్రాంతిదినపు ఆజ్ఞ యజమానునితో ఆగక, దాసునివరకును, ఎద్దువరకును, గాడిదవరకును దిగివచ్చును. తన దాసుడును తనవలె విశ్రమింపవలెనని ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము కారణము కూడ చెప్పుచున్నది. యంత్రము సంపాదించిన గంటలో సహాయకునికి పాలు లేనిచో, ఆ యంత్రము అతని భుజము కొరకు కొనబడినదని ఇక చెప్పరాదు.

ఇక పాత యంత్రము. దానిని క్రొత్తదాని వెలలో మార్పిడిగా తీసికొందుమని అమ్మువారు చెప్పుదురు, కొంత తగ్గింతురు. చాలమంది అంతటితో దానిని మరచిపోవుదురు. కాని కొన్ని ఏండ్లు దానితో పనిచేసిన సహాయకుడు తనకంటూ ఒక జీవనము కోరుచుండవచ్చును. నిర్గమకాండము 22:25 బీదవానికి అప్పిచ్చినప్పుడు వడ్డి కట్టవద్దని చెప్పినది. ఆ ప్రకారము, మార్పిడిలో వచ్చు వెలకే, వడ్డి లేక, అతడు సంపాదించుకొనుచు తీర్చునట్లు ఆ పాత యంత్రమును అతనికి ఇయ్యవచ్చును. సొమ్ము ఆలస్యముగా వచ్చును, కొంత రాకపోవచ్చును కూడ. పాత వ్యాను తేలికైనది, దాని ఇంధనపు ఖర్చు తక్కువ, దానిమీద కిస్తు లేదు. రెండవ పుటలో వ్రాసిన ఆ విధవరాలి ఒక్క గదికి అతడు వెళ్లగలడు.